సబ్బవరంలో సగం, దేవరాపల్లిలో సగం

అనకాపల్లి వెళ్ళొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: "బెల్లం తెచ్చారా?" తెచ్చాం. అడిగినవాళ్ళకి తలా ఒక ముక్క పెట్టాం కూడా. కానీ మేం వెళ్ళింది బెల్లం కోసం కాదు, ఒక బెంచి వైసు కోసం.

వైసంటే తెలియనివాళ్ళకి చెబుతాను. వర్క్‌షాపుల్లో పనిబల్లకి బిగించి ఉంటుంది, ఇనుప పట్టు. దానికి రెండు దవడలుంటాయి. ఒకటి కదలదు. ఇంకోటి, పిడి పట్టుకుని మర తిప్పితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రెండింటి మధ్యా ఇనుప ముక్కని పెట్టి బిగిస్తే, ఆకురాయితో రాపినా రంపంతో కోసినా అది మెసలదు. ఇంతే సంగతి. ఇంత మాత్రానికి మనుషులు రైలెక్కి ఇంకో జిల్లాకి వెళ్తారా అంటే, మా ఆవిడ వెళ్తుంది.

మా ఆవిడ సుభద్ర ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు నేర్పి రిటైరైంది. రిటైరయ్యాక కొందరు తీర్థయాత్రలు మొదలుపెడతారు, కొందరు టీవీ సీరియళ్ళు మొదలుపెడతారు. ఈవిడ పాత వైసులు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. తుప్పుపట్టి, ఏ కొట్టు వెనకో వానకి తడుస్తూ పడున్న వాటిని తెస్తుంది. విప్పుతుంది, తోముతుంది, నూనె పెడుతుంది, రంగు వేస్తుంది. మర చిటికెనవేలితో తోస్తే తిరిగేదాకా అన్నం సరిగ్గా తినదు. పాలకొల్లులో మా వరండాలో ఇప్పుడు కుర్చీ వేసుకునే చోటు లేదు. వచ్చినవాళ్ళు "వర్క్‌షాపు పెడుతున్నారా?" అని అడుగుతారు. "లేదండీ, అనాథాశ్రమం" అంటాను నేను. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసినవాణ్ణి. ఇనుముతో నా పరిచయం ఇస్త్రీపెట్టె దాకానే.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఫోన్లో ఒక గ్రూపుగా చేరారు. అందులో ఒకరోజు అనకాపల్లి నుంచి ఒక ఫొటో వచ్చింది. ఒక ఇంటి గేటు దగ్గర సగం వైసు. కదలని దవడ ఉన్న సగం. పుట్టిన మనవడి ఫొటో చూసినట్టు సుభద్ర దాన్ని అటు పెంచీ ఇటు పెంచీ చూసింది. తెల్లవాళ్ళ కాలపు పోత అట. ఇంత దవడ ఉన్నవి ఇప్పుడు ఎవరూ పోయడం లేదట.

"సగమే కదా ఉంది?" అన్నాను.

"మిగతా సగం ఎక్కడికి పోతుందండీ? అదేమైనా నడుస్తుందా?" అంది. ఆ సాయంత్రమే సంచీ సర్దింది. మన ఇళ్ళలో ప్రయాణమంటే సంచీలో పులిహోర, ఆవకాయ ఉంటాయి. ఈవిడ సంచీలో వైరు బ్రష్షు, కిరసనాయిలు సీసా, గ్రీజు డబ్బా, రకరకాల ఆకురాళ్ళు. నా రెండు చొక్కాలూ వాటి మధ్యలో ఎక్కడో ఇరుక్కుని వచ్చాయి.

అనకాపల్లి: పాత ఇనుము కొట్టు

చెరకు ఆడే రోజులు. రైలు దిగేసరికి ఊరంతా పాకం వాసన. మాకు గోదావరి జిల్లాల్లో పొద్దున్నే మంచు, కొబ్బరాకుల మధ్య పొగ ఉంటాయి. ఇక్కడ మంచుకి కూడా కొంచెం తీపి కలిపినట్టుంది. స్టేషను బయట టీ బండి దగ్గర "రెండు టీలివ్వండీ" అన్నాను.

"గోదారోళ్ళా బావుగారూ?" అన్నాడు టీ కలిపే ఆయన.

"ఎలా తెలిసింది?"

"టీకి కూడా అండీ ఎట్టేరు కదా."

నవ్వాను గానీ ఆ తర్వాత నాలుగు రోజులూ నోరు తెరిచినప్పుడల్లా నా 'అండీ' నాకే వినపడి ఇబ్బంది పడ్డాను. వాళ్ళ 'ఏటి' మాత్రం వాళ్ళకి వినపడినట్టు లేదు. ఎంత హాయిగా అంటారో. "ఏటి సంగతి?" అంటే అందులో కుశలం, అనుమానం, ఆహ్వానం అన్నీ ఉంటాయి.

ఫొటో పెట్టినాయనది బెల్లం మార్కెట్టుకి కాస్త అవతల పాత ఇనుము కొట్టు. పట్టుచీరల కొట్టులో ఆడవాళ్ళు ఎలా కూర్చుంటారో సుభద్ర అక్కడ అలా కూర్చుంది. అడుగున ఉన్నవి తీయించింది, చూసింది, పక్కన పెట్టించింది, ఇంకోటి చూపించమంది. చీరల కొట్టులో మొగుళ్ళు ఎలా కూర్చుంటారో నేను అలా బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాను.

చివరికి కొట్టాయన అసలు సంగతి చెప్పాడు. "ఆ సరుకు నా కాడ నేదమ్మా. ఫొటో తీసి ఎట్టేనంతే. సగం సబ్బవరంలో అప్పల్నాయుడింటి గేటు కాడ ఉంది. ఇంకో సగం దేవరాపల్లిలో ఆళ్ళ తమ్ముడు సన్యాసిరావు కాడ ఉంది."

"అదేమిటి?" అన్నాను.

"ఆస్తి పంపకాలండి మరి."

ఆ వైసు కూర్మయ్య మేస్త్రిది. చెరకు గానుగలు బాగుచేసే మనిషి. ఆయన పోయాక కొడుకులిద్దరూ పంచుకున్నారు. ఇల్లు ఒకరికి, పొలం ఒకరికి. చెంబులు, మంచాలు, సుత్తులు అన్నీ సరిపోయాయి. చివర్న వైసు ఒక్కటే మిగిలింది. నాకంటే నాకన్నారు. "పొద్దున కూకున్నోళ్ళు మద్దేనం దాకా తెగనేదు. పెద్దమనుసులు ఇసిగిపోయి, మర తిప్పి దాన్ని రెండు ముక్కలు ఊడదీసి, సెరో సేతిలో ఎట్టీసి బోజనానికి ఎల్లిపోయేరు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. అప్పుడు పెద్దాయన కూతురు ఒళ్ళో గుంట. ఇప్పుడు కాలేజీకెల్తంది."

నేను ఆ అన్నదమ్ముల గురించి ఆలోచిస్తున్నాను. సుభద్ర అడిగింది ఒకటే: "మరలో పళ్ళు అరిగిపోలేదు కదా?"

సబ్బవరం: గేటు దగ్గర

మర్నాడు షేరాటోలో సబ్బవరం బయల్దేరాం. పక్కన పూడిమడక నుంచి చేపల తట్టతో వచ్చిన ఒకావిడ కూర్చుంది. తట్టకి చోటు చాలక సగం నా పాదాల మీద పెట్టింది. కవళ్ళు, చిన్న సముద్రపు చేపలు. కుప్ప వందట. మా ఊళ్ళో ఆ డబ్బుకి అందులో సగం కూడా రావు. సుభద్ర సంచీ ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా గణగణమంటోంది.

"ఏటమ్మా, అంత బరువు?" అంది ఆవిడ.

"పనిముట్లు. సబ్బవరంలో వైసు కొనడానికి వెళ్తున్నాం."

ఆవిడ సుభద్ర జుట్టు చూసింది. నా జుట్టు లేని తల చూసింది. "ఈ వయసులో వయసు కొంటారేటి! నిజంగా దొరికితే నాకూ ఓ పదేళ్ళు తెండమ్మా, ఈ తట్ట మొయ్యనేకపోతన్నాను."

ఆటో అంతా నవ్వింది. డ్రైవరైతే తనకీ ఓ ఐదేళ్ళు కావాలన్నాడు. సుభద్ర చేతులు దవడల్లా పెట్టి, వైసంటే ఏమిటో చక్కగా క్లాసులో చెప్పినట్టు చెప్పింది. ఆవిడ చివరిదాకా విని, "ఓస్, ఇనపముక్కా!" అని మొహం తిప్పుకుంది.

సబ్బవరం చూస్తే ఊరు ఇంకా కడుతూనే ఉన్నారనిపిస్తుంది. ప్రతి మూడో ఇల్లూ నెత్తిన ఇనుప చువ్వలు నిలబెట్టుకుని పై అంతస్తు కోసం ఎదురుచూస్తోంది. మా పాలకొల్లులో గడప తొక్కినవాణ్ణి "భోంచేశారా?" అని అడుగుతాం. అప్పల్నాయుడు మమ్మల్ని అడిగిన మొదటి మాట, "ఎక్కడ సైటు కొన్నారు?" మేం స్థలానికి రాలేదు, మీ గేటు దగ్గర ఉన్నదానికి వచ్చామంటే మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్న మనిషి. గేటు గాలికి కొట్టుకోకుండా ఆ సగం వైసుని అడ్డం పెట్టాడు.

సుభద్ర అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. "దీనికి రంగు ఎవరు వేశారండీ?"

"గేటుకేసినోడే. కొంచెం మిగిలిపోతే దానికీ పామించేను. బాగున్నాది కదా?"

గేటుతో పాటు వైసు కూడా వెండిలా తళతళమంటోంది. పెళ్ళయినప్పటి నుంచి సుభద్ర ఇంత గట్టిగా నోరు మూసుకోవడం నేను చూడలేదు. మర దూరే కన్నంలో వేలు పెట్టింది. లోపల కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. వేలితో గీరి, లోపల పళ్ళు తడిమి, నావైపు చూసి తల ఊపింది. పళ్ళున్నాయి.

అప్పల్నాయుడి భార్య వేడివేడి పాకం గారెలు తెచ్చింది. పైన కరకర, లోపల పాకం. మా వైపు పాకం గారెల్లో యాలకుల వాసన ముందొస్తుంది. ఇక్కడ బెల్లమే ముందొస్తుంది, వెనక కూడా అదే వస్తుంది. నేను నాలుగోది తింటూండగా కాళ్ళ దగ్గర మెత్తగా ఏదో తగిలింది. వాళ్ళింటి పిల్లి. కవళ్ళ వాసన పట్టి నా పాదాలు వదలడం లేదు.

"ఈ వైసుని మీరు గోదారి దాటించేత్తారా?" అన్నాడు అప్పల్నాయుడు.

"దాటిస్తాం."

"అయితే పట్టుకెల్లండి. ఆడికి దక్కకపోతే సాలు."

"మిగతా సగం దీనికి పడుతుందో లేదో బిగించి చూడాలి," అంది సుభద్ర. "చూడకుండా తీసుకోను. ఆయన్ని ఇక్కడికి తెమ్మంటారా?"

"నా గుమ్మంలోకి ఆడు రాకూడదు. నాను ఆడి గుమ్మం తొక్కను. మా నాన్న వైసు ఇలగ రోడ్డు పాలైపోయిందంటే ఆడి వల్లే."

రోడ్డు పాలు కాదు, గేటు పాలైందని నా నోటిదాకా వచ్చింది. పిల్లిని అవతలికి జరిపాను.

దేవరాపల్లి: పెయ్య

దేవరాపల్లి దారంతా చెరకు. కొట్టేసిన మళ్ళల్లో ఆకు తగలబెట్టిన నల్లటి చారలు, కొట్టని మళ్ళల్లో మనిషి కనపడనంత ఎత్తు. సన్యాసిరావు పశువుల పాక దగ్గర కనిపించాడు. అన్నకి పూర్తిగా వ్యతిరేకం. పొట్టి, బలిష్ఠం, అరిగిన లుంగీ, చేతివేళ్ళు ఒక్కొక్కటి అరటికాయంత.

"ఏది?" అంది సుభద్ర.

ఆయన చూపించాడు. కదిలే దవడ, మరతో సహా. మర కొస నేలలోకి దిగగొట్టి ఉంది. పైకి తేలిన పిడికి తాడు. తాడు చివర ఎర్రటి పెయ్య.

సుభద్ర తలపట్టుకుంది. వెండిరంగుని భరించిన మనిషి దీన్ని భరించలేకపోయింది. "అది మరండీ! మరని గుంజలా పాతుతారా? పేడలో, తడిలో..."

"గట్టిగా ఉంటాదమ్మా. ఎన్ని గుంజలు పాతినా ఈ ముండది పీకీసింది. దీన్ని పీకనేకపోయింది."

"ఓసారి పైకి తీస్తారా?"

తీయడానికి ముందు తాడు విప్పాలి. విప్పిన తాడు ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను మర్యాదకి "నేను పట్టుకుంటానండీ" అన్నాను. గోదావరి మర్యాద ఒక్కోసారి ఎముకల మీదికి తెస్తుంది. ఇనుము నేలలోంచి ఊడిన చప్పుడుకి పెయ్య ఒక్క గెంతు గెంతింది. దాని వెనక నేను. పాక దాటాం, కళ్ళం దాటాం, చెరకు మడిలో పడ్డాం. చెరకాకు అంచులు ఎంత పదునో చదువుకున్న పుస్తకాల్లో లేదు. ఒక చెప్పు ఎక్కడ పోయిందో తెలీదు. అప్పుడు సన్యాసిరావు గట్టు మీద నిలబడి, తొందరేమీ లేకుండా "దా, దా" అన్నాడు. పెయ్య ఆగింది, తిరిగింది, నన్ను పక్కకి నెట్టుకుంటూ ఇంటికి నడిచింది.

"తాడు ఒగ్గీసుంటే అదెక్కడికీ ఎల్లదండి," అన్నాడు ఆయన. "మీరు లాగేరని పరిగెట్టింది."

సుభద్ర నావైపు చూడనైనా లేదు. మర మీద మట్టి గీరుతోంది. దెబ్బలకి పసుపు తెచ్చింది ఆ ఇంటావిడ. తర్వాత సోడి అంబలి పోసింది, నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. చోళ్ళనే, అంటే రాగుల్నే, ఇక్కడ సోళ్ళంటారు. మూడు పూటలా తెల్లన్నం తిని అదే తిండనుకునే మా డెల్టా కడుపుకి మొదటి గుక్క వింతగా ఉంది. మూడో గ్లాసు నేనే అడిగాను.

"గోదారి దాటించేత్తారా?" అన్నాడు సన్యాసిరావు.

"దాటిస్తాం."

"అయితే పట్టుకెల్లండి. ఆయనకి దక్కకపోతే సాలు. మా నాన్న వైసు ఇలగైపోయిందంటే ఆయన వల్లే."

వీళ్ళిద్దరూ ఆస్తి పంచుకున్నారు గానీ మాటలు పంచుకోవడం మరిచిపోయారు. ఇద్దరూ ఒకటే వాడుకుంటున్నారు. ఎదురుపడి బిగించి చూడాలంటే ఈయనా అదే అన్నాడు, నా గుమ్మం, ఆయన గుమ్మం అని. సుభద్ర మొహం చూసి జాలేసిందో ఏమో, "మా సెల్లి కాడికైతే వత్తాను" అన్నాడు. "నూకరత్నం. బుచ్చయ్యపేట రోడ్డులో షెడ్డు. ఆ మడిసి మా ఇద్దరితోనూ మాటాడతాది."

పాలకొల్లు నుంచి వచ్చిన పెద్దమనుషులం మేమే అయ్యాం. ఫోన్లో అప్పల్నాయుణ్ణి అడిగితే, "మా సెల్లి కాడికైతే వత్తాను" అన్నాడు. నేను ఆశ్చర్యపోలేదు.

బుచ్చయ్యపేట రోడ్డు: నూకరత్నం షెడ్డు

రేకుల షెడ్డు. ముందు వరసగా బాగుకి వచ్చిన చెరకు ఆడే మిషన్లు. పక్క పొలంలోనే గానుగ, పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. అక్కడి రైతు ఆకు మీద వేడి బెల్లం ఒక ముద్ద పెట్టి ఇచ్చాడు. ఊదుకుని తినమన్నాడు. నేను ఊదకుండా తిన్నాను. తర్వాత గంటసేపు నా మాటల్లో 'అండీ' వినపడలేదు. ఏ మాటా వినపడలేదు.

నూకరత్నం చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని, వెల్డింగు కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఉంది. పీట మీద కూర్చుని, ఒక ఇనుప రోలరుని పాదంతో నేలకి అదిమిపట్టి ఆకురాయి ఆడిస్తోంది. సుభద్రలోని ఇన్‌స్ట్రక్టరు వెంటనే బయటికొచ్చింది. "కాలు తియ్! జారిందంటే వేళ్ళు పోతాయి."

"ఓపాలి జారిందండి," అంది రత్నం, పాదం తిప్పి మచ్చ చూపిస్తూ. "ఏటి సెయ్యమంటారు? ఇశాపట్నంలో కొత్త వైసు కొన్నాను. ఈ సీజన్లోనే దవడ ఇరిగిపోయింది. రైతులు పాకం ఎట్టుకుని కూకుంటే నాను కొత్తది కొనీదాకా ఆగుతారా?" భర్త ట్రాక్టరు తోలతాడట. పని ఈవిడది. తండ్రి దగ్గర నేర్చుకుంది. కొడుకులిద్దరూ కొట్టుకి రమ్మంటే రాకపోతే, ఆయన పక్కన ఈవిడ కూర్చుందట.

అన్నలు వచ్చారు. ఒకరు కారు డిక్కీలో, ఒకరు మోటారుసైకిలు వెనక గోనెలో తలా సగం దింపారు. ఒకరికొకరు వీపు చూపిస్తూ నిలబడ్డారు. ఆ పైన మొదలైంది నా ఉద్యోగం.

"మర శుబ్రంగా ఉంచుకోవాలని ఆడికి తెలీదేటో అడగండి," అన్నాడు అప్పల్నాయుడు నాతో.

"వైసుకి ఎండిరంగెయ్యమని ఆయనకెవులు సెప్పేరో అడగండి," అన్నాడు సన్యాసిరావు నాతో.

ఎక్స్‌ఛేంజిలో అన్నేళ్ళు లైన్లు కలిపాను గానీ, రెండు గజాల దూరానికి ఎవరూ ట్రంకు కాలు అడగలేదు.

సుభద్ర ఇవేమీ వినలేదు. నేల మీద గోనె పరిచి పని మొదలుపెట్టింది. రత్నం పిలవకుండానే ఎదురుగా కూర్చుంది. ఒకరు వెండిరంగు గీరితే ఇంకొకరు మరలో మట్టి తోడారు. కిరసనాయిలు, వైరు బ్రష్షు, మళ్ళీ కిరసనాయిలు. కందిరీగల గూడు ముక్కలుగా రాలింది. మధ్యాహ్నమయ్యేసరికి వెండి కింది నుంచి నల్లటి ఇనుము బయటపడింది. మర పళ్ళల్లో పేడ పోయి మెరుపు వచ్చింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకరు చెయ్యి చాస్తే ఇంకొకరు కావలసింది అందిస్తున్నారు. నేను పెళ్ళయినప్పటి నుంచి అందిస్తున్నాను, ఎప్పుడూ ఏదో తప్పుది అందిస్తాను.

"ఇప్పుడు పట్టుకోండి," అంది సుభద్ర. పెద్దాయన్ని బరువైన సగం కదలకుండా పట్టుకోమంది. చిన్నాయన్ని కదిలే దవడ దూర్చమంది. వాళ్ళు మొహాలు అటూ ఇటూ తిప్పుకునే చేశారు. మర మొదటి చుట్టు ఎక్కింది, ఆగింది. సన్యాసిరావు బలమంతా పెట్టబోయాడు.

"బలవంతం చెయ్యకండి. వెనక్కి ఒక చుట్టు. నూనె. ఇప్పుడు ముందుకి."

కీచుమంది, మూలిగింది, ఎక్కింది. దవడలు నెమ్మదిగా దగ్గరకొచ్చాయి, కలిశాయి. సుభద్ర వంగి, రెండింటి మధ్య నుంచి వెలుతురు కనపడుతుందేమోనని ఎండకేసి చూసింది. లేదు. నాకు ఆవిడ మొహం తెలుసు. వరండాలో తులసికోట పక్కన దానికి చోటు నిర్ణయమైపోయింది. రంగు కూడా నిర్ణయమైపోయింది, ముదురాకుపచ్చ. ఇన్నేళ్ళుగా తెచ్చిన వాటన్నిటినీ ఆవిడ దీనికోసమే ఎదురుచూస్తూ తెచ్చిందేమో అనిపించింది.

అప్పుడు రత్నం లేచి, పొద్దుట కాలితో అదిమిపట్టిన రోలరుని తెచ్చి దవడల మధ్య పెట్టి బిగించింది. ఆకురాయి తీసుకుని నాలుగు రాపులు రాపింది. ఆగింది. తలెత్తకుండానే మాట్లాడింది.

"నాన్న పోయినప్పుడు ఇల్లు పెద్దన్నకొచ్చింది, పొలం సిన్నన్నకొచ్చింది. నానేటీ అన్నేదు. నాకు సీరెట్టేరు, కట్టుకున్నాను. ఇది ఇప్పీసిన రోజు నాను గుమ్మంలోనే నిలబడున్నాను. దీని మీద పని సేసింది నాన్న, నాను. ఇంకెవులూ సెయ్యనేదు. రత్నం, నీకు కావాలా అని మీ ఇద్దరిలో ఒక్కలడిగేరా?"

పెనం కింద చెరకుపిప్పి చిటపటమంటోంది.

"ఇప్పుడడగండి," అంది.

అప్పల్నాయుడు అలవాటుగా నావైపు చూశాడు. నేను లైను కలపలేదు. ఆయన చెల్లెలి వైపు తిరిగి, "నీకు కావాలా అమ్మీ?" అన్నాడు. సన్యాసిరావు కండువాతో మొహం తుడుచుకుంటూ, "కావాలా రత్నం?" అన్నాడు.

"కావాల."

అందరూ సుభద్ర వైపు తిరిగారు. ఆవిడ చేతిలో నూనెగుడ్డ ఉంది. తుడిచిన వైసునే మళ్ళీ ఓసారి పైనుంచి కిందిదాకా తుడిచింది. పిడి ఆ కొస నుంచి ఈ కొసకి జరిపి చూసింది. నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. నాలుక కాలి ఉండడం మంచిదైంది.

"ఇలా రా," అంది రత్నంతో. షెడ్డులో మూలనున్న పనిబల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "నిటారుగా నిలబడు. చెయ్యి మడుచు. వైసు తల నీ మోచేతికి సమానంగా రావాలి. పైకుంటే సాయంత్రానికి భుజం లేవదు. ఈ బల్ల నీకు ఎత్తు. మూడు వేళ్ళు కొయ్యాలి."

రత్నం ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరి చేతులూ నల్లగా నూనె ఓడుతున్నాయి. "ఎంతసేపు పట్టుకుంటావు, రంపం తెప్పించు," అంది సుభద్ర. ఆవిడ గొంతు అంత కరుగ్గా ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళకూడదని నాకు తెలుసు.

అన్నలిద్దరూ పని దొరికినందుకు బతికిపోయినట్టు బల్లని బోర్లించారు. అటువైపు కాళ్ళు పెద్దాయన, ఇటువైపు కాళ్ళు చిన్నాయన. ఎవరి కొలత వాళ్ళు కొలిచారు, ఎవరి గీత వాళ్ళు గీశారు, ఎవరి కోత వాళ్ళు కోశారు. ఒకరి వైపు ఒకరు చూడలేదు. బల్ల తిరగేశారు. ఇద్దరూ చెరోవైపూ పట్టి వైసుని ఎత్తి దాని మీద పెట్టారు.

బల్ల టక్కుమని ఇటు ఒరిగింది. టక్కుమని అటు ఒరిగింది.

సన్యాసిరావు నేల చూస్తూ అన్నాడు, నాతో కాదు: "నీ యేపు తక్కువ కోసేవు."

"నీ యేపే ఎక్కువ తెగింది," అన్నాడు అప్పల్నాయుడు.

"మూడేళ్ళన్నారు. మూడేళ్ళే కొలిసేను."

"ఏవీ, నీ ఏళ్ళు సూపించు! ఒక్కోటీ అరటిగెలలాగున్నాది. అయి మూడు ఏళ్ళా?"

"నీయి పుల్లల్లాగున్నాయి. ఇంట్లో కూకుని తినీవోళ్ళకి అలగే ఉంటాయి."

"ఎవుడ్రా ఇంట్లో కూకున్నాడు?"

ఇద్దరూ మళ్ళీ చెరో రంపం తీసుకున్నారు. "ఇంకోసారి కోశారంటే మీ చెల్లెలు కూర్చుని పనిచేసుకోవాలి," అని సుభద్ర రంపాలు లాక్కుంది. రత్నం బల్ల కాలి కింద పెట్టడానికి రేకుముక్క వెతుకుతోంది. నవ్వు ఆపుకోలేక దొరికిన ముక్క జారవిడుస్తోంది. సుభద్ర సంచీలోంచి గ్రీజు డబ్బా, రెండు ఆకురాళ్ళు తీసి బల్ల మీద పెట్టింది. రంగు కూడా పంపుతాననీ, ఎవరు చెప్పినా వెండిరంగు మాత్రం వెయ్యొద్దనీ చెప్పింది. రత్నం పక్క గానుగ నుంచి పెద్ద బెల్లం దిమ్మ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మొయ్యడానికి వైసు లేకపోయినా నా నడుముకి న్యాయం జరిగింది.

మేం ఆటో ఎక్కాక కూడా షెడ్డులోంచి కేకలు వినపడుతూనే ఉన్నాయి. బల్ల కాళ్ళు దాటి, పొలం గట్టు మీదుగా, ఎప్పటిదో కోడిపందెం దాకా వెళ్ళిపోయారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏటి బావుగారూ, ఎవులో కొట్టుకుంతన్నట్టున్నారు. ఆపి రమ్మంటారా?"

"వద్దు బాబూ, పోనీ," అంది సుభద్ర. "ఇప్పుడేగా మొదలుపెట్టారు."